టెక్ సందేహాలు: సైకిల్ సీటు కానుకగా అడిగేముందు మీ కొలత తెలుసుకోండి

ప్రశ్న: నేను రోజూ ఆఫీసుకు సైకిల్ మీదే వెళ్లివస్తుంటాను. ఒక్కో వైపు దాదాపు 40 నిమిషాల ప్రయాణం. సైకిల్‌తో పాటు వచ్చిన సీటు మీద సగం దూరం వెళ్లేసరికే నొప్పి మొదలవుతోంది. పుట్టినరోజుకు ఏం కావాలో చెప్పమని ఇంట్లోవాళ్లు అడుగుతున్నారు కాబట్టి మంచి సీటు ఒకటి అడుగుదామనుకుంటున్నాను. అయితే ఆన్‌లైన్‌లో చూస్తే జెల్ సీట్లు, స్ప్రింగు సీట్లు, తోలు సీట్లు, మధ్యలో ఖాళీ ఉన్న సీట్లు అంటూ లెక్కలేనన్ని రకాలున్నాయి. ఒకరు అద్భుతమని మెచ్చుకున్న సీటునే ఇంకొకరు నరకం అంటున్నారు. ఏ సీటు పేరు చెప్పమంటారు?

జవాబు: మీకు ముందుగా కావలసింది సీటు పేరు కాదు, మిల్లీమీటర్లలో ఒక అంకె. రివ్యూల్లో ఒకరు మెచ్చుకున్నదాన్ని ఇంకొకరు తిట్టడానికి కారణం కూడా ఆ అంకెలోనే ఉంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, కానీ ఇద్దరి శరీరాలు వేరు. సైకిల్ మీద కూర్చున్నప్పుడు మన బరువును ప్రధానంగా మోయవలసినవి కటి ఎముక అడుగున, రెండు పిరుదుల కింద ఒక్కొక్కటిగా ఉండే రెండు ఎముకల కొసలు. వైద్యులు వీటిని ఇస్కియల్ ట్యూబరాసిటీలంటారు, సైకిళ్లవాళ్లు సిట్ బోన్స్ అంటారు. వీటి మధ్య దూరం చాలామందిలో సుమారు 100 నుంచి 150 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. సీటు అంతకన్నా ఇరుకుగా ఉంటే ఎముకలు అంచులు దాటిపోయి, బరువంతా నడుమనున్న మెత్తటి కండరాలు, నరాల మీద పడుతుంది. మరీ వెడల్పుగా ఉంటే తొక్కిన ప్రతిసారీ తొడల లోపలి భాగం సీటు అంచుకు ఒరుసుకుంటుంది.

ఈ దూరానికి మనిషి లావుకూ సంబంధం లేదు. భారీ శరీరం ఉన్నవారికి ఎముకల ఎడం తక్కువ ఉండవచ్చు, సన్నగా ఉన్నవారికి ఎక్కువ ఉండవచ్చు. స్త్రీలలో సగటున ఈ ఎడం కాస్త ఎక్కువన్నది నిజమే కానీ, మనిషికీ మనిషికీ ఉండే తేడా ఆ సగటు తేడా కన్నా పెద్దది. అందువల్ల ‘పురుషులకు’, ‘స్త్రీలకు’ అన్న ముద్రలను చూసి నిర్ణయించకండి. ఎత్తు, బరువు అడిగి సీటు సూచించే ఆన్‌లైన్ క్విజ్‌లనూ ఇదే కారణంతో నేను లెక్కలోకి తీసుకోను.

కొలవడానికి ప్రత్యేక పరికరమేమీ అక్కర్లేదు. పార్శిళ్లు వచ్చే అట్టపెట్టె నుంచి, లోపల గాడులున్న అట్టముక్కను ఒకదాన్ని కోసి, మెత్త లేని గట్టి స్టూలు మీద పరచండి. పలుచని దుస్తులతో దాని మీద కూర్చుని, మోకాళ్లు తుంటి కన్నా కొంచెం ఎత్తున ఉండేలా పాదాల కింద ఏదైనా పీట పెట్టుకోండి. కాస్త ముందుకు వంగి, స్టూలు అంచులను రెండు చేతులతో పట్టుకుని మిమ్మల్ని మీరు కిందికి లాక్కుంటున్నట్టుగా ఒక నిమిషం గట్టిగా అదమండి. జరగకుండా లేచి, గదిలో లైటు ఆర్పి, ఫోన్ టార్చిని అట్ట పక్క నుంచి, దాదాపు అట్టను తాకేంత వాలుగా వెలిగిస్తే రెండు గుంటలు నీడలతో స్పష్టంగా బయటపడతాయి. ఒక్కో గుంటలో అత్యంత లోతుగా ఉన్న చోట పెన్నుతో చుక్క పెట్టి, చుక్క నుంచి చుక్కకు స్కేలుతో కొలవండి. కొత్త అట్టతో మళ్లీ ఒకసారి కొలిచి, రెండు కొలతలూ నాలుగైదు మిల్లీమీటర్లకు మించి తేడా వస్తే మూడోసారి కూడా కొలవడం మంచిది.

ఈ కొలతే సీటు వెడల్పు అనుకోకూడదు. ప్రకటనల్లో ఇచ్చే వెడల్పు సీటు ఒక అంచు నుంచి మరో అంచు వరకు ఉంటుంది. అయితే అంచుల దగ్గర సీటు కిందికి వంపు తిరుగుతుంది కాబట్టి ఆ భాగం బరువు మోయదు. అందుకే కొలతకు కొంత కలపాలి, ఎంత కలపాలన్నది మీరు కూర్చునే తీరును బట్టి ఉంటుంది. రేసు సైకిళ్ల మీదలా బాగా వంగి తొక్కేటప్పుడు కటి ముందుకు తిరిగి, ఎముకల మధ్య ఎడం తక్కువగా ఉన్న ముందు భాగం మీదికి బరువు మారుతుంది. నిటారుగా కూర్చున్నప్పుడు బరువంతా వెనక, వెడల్పు చోట పడుతుంది. స్థూలంగా బాగా వంగేవారు 15 నుంచి 20, మధ్యస్థంగా వంగేవారు 20 నుంచి 30, నిటారుగా కూర్చునేవారు 30 మిల్లీమీటర్లకు పైగా కలుపుకోవచ్చు. మీ కొలత 120 వచ్చి, హ్యాండిల్ సీటుతో ఇంచుమించు సమాన ఎత్తులో ఉందనుకుంటే 140 నుంచి 150 మిల్లీమీటర్ల మధ్య సీట్లు చూడాలి. ఒకే మోడల్‌ను రెండు మూడు వెడల్పుల్లో అమ్మే కంపెనీలు తమ సొంత పట్టిక ఇస్తాయి. అది దొరికితే నా లెక్కను పక్కనపెట్టి దాన్నే అనుసరించండి, ఆ సీటు వంపు ఎంతో వారికే బాగా తెలుస్తుంది.

ఇక మెత్తదనం. దుకాణంలో అందరూ సీటును బొటనవేలితో నొక్కి చూస్తారు, లోపలికి దిగితే సంతోషిస్తారు. 10, 15 నిమిషాల ప్రయాణానికి, అదీ నిటారుగా కూర్చునే సైకిల్ మీద అయితే, ఆ సంతోషంలో తప్పేమీ లేదు. మీలా 40 నిమిషాలు తొక్కేవారికి మాత్రం అదే సీటు బెడిసికొడుతుంది. మరీ మెత్తటి పరుపు మీద పడుకుంటే తెల్లారేసరికి నడుము పట్టేసినట్టే, ఎముకలు జెల్‌లోకి కూరుకుపోయే కొద్దీ వాటి మధ్యనున్న జెల్ పైకి ఉబ్బి, ఒత్తిడి పడకూడని చోటనే ఒత్తుతుంది. కాబట్టి పలుచగా, కొంచెం గట్టిగా ఉండే ఫోమ్ సీటు అడగండి. మొదటి వారం రోజులు గట్టిగా అనిపించి ఎముకల దగ్గర సలిపినా, వెడల్పు సరైనదైతే ఆ నొప్పి క్రమంగా తగ్గిపోతుంది.

తిమ్మిరి సంగతి వేరు. అది నొప్పికి మరో రూపం కాదు. కాళ్ల మధ్య భాగంలో నరాలు, రక్తనాళాలు నొక్కుకుపోతున్నాయనడానికి గుర్తు. అలవాటైపోతుందిలే అని భరించవలసిన విషయం ఎంతమాత్రం కాదు. మీకు తిమ్మిరి కూడా ఉంటే మధ్యలో ఖాళీ గానీ లోతైన గాడి గానీ ఉన్న సీటును ఎంచుకోండి. దిగిన తర్వాత కూడా తిమ్మిరి వదలకపోతే సీట్లు మార్చడం ఆపి వైద్యుణ్ని కలవండి.

తోలు సీటు కానుకగా చాలా అందంగా ఉంటుంది. 1866లో బర్మింగ్‌హామ్‌లో మొదలైన బ్రూక్స్ కంపెనీ బీ17 అనే తోలు సీటును పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి నేటికీ తయారుచేస్తోందంటే ఆ రూపకల్పనలో బలం ఉన్నట్టే కదా. ఫోమ్ ఏమీ లేకుండా, దళసరి తోలును ముందూ వెనకా బిగించి కడతారు. తొక్కగా తొక్కగా మన ఎముకల చోట అది అణిగి మనకు తగినట్టు అవుతుంది. చిక్కల్లా, అలా అణగడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. ఆలోగా దుకాణం ఇచ్చిన వాపసు గడువు కాస్తా దాటిపోతుంది. పైగా వానలో తడవనివ్వకూడదు, అప్పుడప్పుడు దానికి ప్రత్యేకమైన మైనం రాయాలి. ఇంత ఓపిక ఉంటేనే అడగండి. త్రీడీ ప్రింటింగ్‌తో జల్లెడ కళ్లలాంటి అల్లికతో వస్తున్న కొత్త సీట్లలో ఒక్కో చోట ఒక్కో గట్టిదనం ఉంచగలగడం నిజంగా మంచి ఇంజనీరింగే కానీ, మీ వెడల్పు ఏమిటో మామూలు సీటుతో రూఢి అయ్యేవరకు అంత డబ్బు ఇంట్లోవాళ్లతో పెట్టించవద్దు.

సీటు మీ సైకిల్‌కు పడుతుందో లేదో కూడా చూసుకోండి. సీటు కింద రెండు లోహపు కమ్మీలుంటాయి. చాలా సీట్లలో ఇవి 7 మిల్లీమీటర్ల మందం గల గుండ్రటి కమ్మీలే కాబట్టి మామూలు క్లాంపులో (సీటును గొట్టానికి బిగించే పట్టులో) ఇబ్బంది లేకుండా కూర్చుంటాయి. కార్బన్ కమ్మీలు సాధారణంగా కోడిగుడ్డు ఆకారంలో, ఎక్కువ ఎత్తుతో ఉంటాయి. గుండ్రటి కమ్మీల కోసం చేసిన క్లాంపు వాటికి సరిగా పట్టదు, బలవంతంగా బిగిస్తే విరిగే ప్రమాదముంది.

కాబట్టి ఇంట్లోవాళ్లకు ‘మంచి సీటు’ అని చెప్పి వదిలేయకుండా, మీ కొలత 120 వచ్చిందనుకుంటే ఇలా సందేశం పంపండి: ‘వెడల్పు 140 నుంచి 150 మిల్లీమీటర్లు, 7 మిల్లీమీటర్ల గుండ్రటి స్టీలు కమ్మీలు, ఒక మోస్తరు గట్టి ఫోమ్, మధ్యలో గాడి, వాడిన తర్వాత కూడా మార్చుకునే వీలున్న దుకాణం.’ కింద రెండు మోడళ్ల లింకులు పెట్టండి. ఇందులో అన్నిటికన్నా విలువైనది చివరి షరతు. కమ్మీల మీద క్లాంపు గీతలు పడ్డాక చాలా దుకాణాలు సీటు వెనక్కి తీసుకోవు. కానీ కొన్ని కంపెనీలు, దుకాణాలు కొంతకాలం వాడి చూసే అవకాశం ఇస్తాయి, కొన్నిచోట్ల పరీక్షకు సీట్లు అరువిస్తారు. ఏం కొన్నారో చివరిదాకా దాచి ఆశ్చర్యపరచాలన్న ముచ్చట ఇంట్లో ఉంటే, ఆ ముచ్చట వేరే వస్తువుతో తీర్చుకొమ్మని నచ్చజెప్పండి.

ప్రశ్న: కానుకగా వచ్చిన కొత్త సీటు బిగించాను. వెడల్పు సరిపోయింది గానీ తొక్కుతుంటే ముందుకు జారుతున్నాను, అరచేతులు నొప్పి పెడుతున్నాయి. ఫోన్ యాప్‌తో సరిచేసుకోవచ్చా?

జవాబు: నిస్సందేహంగా. సీటు ముక్కు కిందికి వాలిపోయినప్పుడు కనిపించే లక్షణాలే ఇవి. ఐఫోన్‌లో మెజర్ యాప్‌లోనే వాలును డిగ్రీల్లో చూపే లెవెల్ ఉంటుంది, ఆండ్రాయిడ్‌లో ఉచిత లెవెల్ యాప్‌లు చాలా దొరుకుతాయి. సైకిల్‌ను గోడకు ఆనించి నిటారుగా నిలబెట్టి, ముందుగా నేలను కొలవండి. నేలే వాలుగా ఉంటే సీటు లెక్క తప్పుతుంది. తర్వాత గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని సీటు మీద పొడవుగా పెట్టి, దాని మీద ఫోన్ ఉంచండి. కెమెరా ఉబ్బు వల్ల ఫోన్ ఒరిగిపోకుండా ఆ భాగాన్ని పుస్తకం అంచు బయటికి వదలండి. సున్నా దగ్గర మొదలుపెట్టి, అవసరమైతే ముక్కును ఒకటి రెండు డిగ్రీలు మాత్రమే దించండి.

ఎత్తు కూడా మళ్లీ చూసుకోవాలి. కమ్మీల నుంచి పై భాగం వరకు ఉండే మందం సీటు సీటుకూ మారుతుంది కాబట్టి, సీటు గొట్టాన్ని ముట్టుకోకపోయినా మీ ఎత్తు మారిపోయి ఉంటుంది. పెడల్ అన్నిటికన్నా కింద ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా చాచుకోవాలి. పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు మోకాలు అప్పుడు కొద్దిగా వంగి ఉంటుంది. వెనక నుంచి ఎవరినైనా చూడమనండి, తుంటి అటూ ఇటూ ఊగుతుంటే సీటు ఎత్తు ఎక్కువైనట్టే. మార్పులన్నీ ఒకేసారి చేస్తే దేనివల్ల బాగుపడిందో, దేనివల్ల చెడిందో తెలియదు, అందుకని పాత స్థానాల దగ్గర టేపు ముక్క అంటించి, ఒక్కోసారి ఒక్కటే, రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున మార్చి చూడండి. క్లాంపు బోల్టును దాని మీద రాసి ఉన్న బిగింపుకు మించి బిగించకండి. మొదటి ఒకటి రెండు ప్రయాణాల తర్వాత అది వదులైందేమో ఒకసారి చూసుకోండి.