చూడని చలికి అంకె ఎలా కట్టారు?

ప్రశ్న: పరమ శూన్య ఉష్ణోగ్రత, అంటే ఏదీ అంతకంటే చల్లబడలేని హద్దు, −273.15 డిగ్రీల సెల్సియస్ అని పాఠంలో ఉంది. అక్కడికి ఎవరూ చేరలేరని కూడా అందులోనే ఉంది. మరి ఆ అంకె ఎలా వచ్చింది? తెలిసినదాన్ని పొడిగించి తెలియనిదాన్ని చెప్పడాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

జవాబు: పీడనం మారకుండా వాయువును చల్లబరిస్తే, ఒక్కొక్క డిగ్రీకి, సున్నా డిగ్రీల వద్ద దానికున్న ఘనపరిమాణంలో దాదాపు 273వ వంతు చొప్పున తగ్గుతూ వస్తుంది. ఆ కొలతలను గ్రాఫు మీద గుర్తిస్తే సరళరేఖ వస్తుంది; కొలతలు ఆగిన చోటి నుంచి ఆ రేఖను పొడిగిస్తే −273 దగ్గర ఘనపరిమాణం సున్నా అవుతుంది. రెండు కొలతల నడుమ విలువను ఊహించడం అంతర్వేశనం, కొలతల హద్దు దాటి ఊహించడం బహిర్వేశనం. రెండవదానిలో చిన్న లోపం కూడా దూరం వెళ్లే కొద్దీ పెరుగుతుంది. 1702 ప్రాంతంలో ఫ్రెంచి శాస్త్రవేత్త అమాంటన్స్ గాలి పీడనంతో ఇలాగే కట్టిన అంచనా నేటి లెక్కలో సుమారు −240 డిగ్రీలు.

నిజానికి ఆ రేఖ చెప్పేది అక్షరాలా జరగదు. సాధారణ వాతావరణ పీడనంలో ఆక్సిజన్ −183, నైట్రోజన్ −196, అన్నిటికన్నా మొండిదైన హీలియం కూడా −269 డిగ్రీల దగ్గర ద్రవమైపోతాయి. అయినా అంకె నిలిచిందంటే, ఏ వాయువు రేఖను పొడిగించినా దాదాపు అదే బిందువుకు చేరడం ఒక కారణం. అంతకంటే బలమైనది మరొకటి ఉంది: తరువాత కెల్విన్ ప్రభువుగా పేరొందిన విలియం థామ్సన్ 1848లో ప్రతిపాదించి, ఆ పైన సవరించిన ఉష్ణోగ్రతా మానం ఏ పదార్థం మీదా ఆధారపడదు, ఉష్ణయంత్రాల (వేడిని పనిగా మార్చే యంత్రాల) సామర్థ్యం నుంచి తర్కించి కట్టిన ఆ మానం కూడా అక్కడికే చేరింది.

ఇలాంటి రెండవ ఆధారం లేని పొడిగింపును నేను నమ్మను. వృత్తం మీద చుక్కలు పెట్టి, ప్రతి రెంటినీ గీతతో కలపండి. మూడు గీతలు ఒకే చోట ఖండించుకోకూడదు. ఒకటి నుంచి ఐదు చుక్కల వరకు వృత్తం 1, 2, 4, 8, 16 భాగాలవుతుంది. ఆరవ చుక్కకు 32 అని ఎవరైనా అంటారు, కానీ వచ్చేది 31. అక్కడ రెట్టింపు అనే నియమం మొదటినుంచీ లేదు: ప్రతి గీతకు ఒక భాగం, ప్రతి ఖండన బిందువుకు మరొక భాగం పెరుగుతాయి. ఆరు చుక్కలకు గీతలు 15, ఖండనలు 15, మొదట ఉన్న వృత్తం 1.