గుంత తవ్వే ముందు ఒక మాట, బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి మీ నాయన ఫోన్ చేసి చెప్పిండు. యూనివర్సిటీ పర్యావరణ కమిటీలో విద్యార్థుల తరఫున నిన్ను తీసుకున్నారట. వానలు పడేలోపే హాస్టళ్ల చుట్టూ ఇంకుడు గుంతలు తవ్విస్తానంటున్నావట. 2008లో పాలమూరు యూనివర్సిటీ వచ్చినప్పుడు నువ్వు పలక పట్టుకొని బడికి పోయే పిల్లవి. ఇప్పుడు అక్కడి నీళ్ల సంగతి నువ్వు చూస్తానంటే చాలా సంతోషమైంది. కానీ ఇంకుడు గుంత అన్న మాట వినగానే నాకు నిద్ర పట్టలేదు.

మిగతావి నీకు తెలిసినవే. మెస్‌లో తడి చెత్త, పొడి చెత్త వేరు చేయించు. కారే నల్లాలు బాగు చేయించు. మొక్కలు పెడితే వేప, కానుగ, చింత పెట్టించు. రెండు ఎండాకాలాలు నీళ్లు పోసే మనిషి ఉంటేనే పెట్టించు. సోలార్ పలకల మీద దుమ్ము తుడిపించు. వీటిలో తప్పు జరిగినా దిద్దుకోవచ్చు.

నేను కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ చూసే రోజుల్లో జరిగినదాన్ని నీకు ఎవరూ చెప్పి ఉండరు. ఆ ఎండాకాలం హాస్టల్ బోరు ఆగి ఆగి పోస్తోంది. మీ పెద్దమ్మ పుట్టిల్లు మర్రిగూడ దిక్కు కదా, ఫ్లోరైడ్‌తో వంగిపోయిన కాళ్లను ఆ వాడలో కళ్లారా చూసినవాణ్ణి. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగొద్దు. వాన నీళ్లు భూమిలోకి పోతే ఫ్లోరైడ్ పలుచబడుతుందని చదివి నేనే ముందుకొచ్చాను. లెక్క కూడా వేశాను. ఒక మిల్లీమీటరు వాన పడితే చదరపు మీటరు డాబా మీద ఒక లీటరు. 1,000 చదరపు మీటర్ల డాబాకు ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన అనుకుంటే 6 లక్షల లీటర్లు. బోర్డు మీద ఆ అంకె రాస్తే పిల్లలు చప్పట్లు కొట్టారు.

జాగా మాత్రం సరిగ్గా చూడలేదు. మొరం మెత్తగా ఉంది, పిల్లలకు తవ్వడం సులువని బోరుకు నాలుగడుగుల దూరంలోనే తవ్వించాను. కింద పెద్ద కంకర, దాని మీద చిన్న కంకర, పైన ఇసుక. అంతా పుస్తకంలో ఉన్నట్టే చేశాం.

జులైలో పెద్ద వాన పడింది. నాలుగో రోజుకు హాస్టల్లో పిల్లలకు వాంతులు, విరేచనాలు. దేవరకొండ దిక్కు తండా నుంచి వచ్చిన ఫస్టియర్ పిల్లగాణ్ణి నేనే ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాను. కళ్లు లోపలికి పోయాయి. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. రాత్రంతా సెలైన్ ఎక్కుతుంటే పక్కనే కూర్చున్నాను. తెల్లవారి వాళ్ల నాయన తువ్వాలలో రెండు జొన్నరొట్టెలు కట్టుకొని వచ్చిండు. “సార్, ఇంటికాడ వీడు ఎన్నడూ ఇట్ల పడలేదు” అన్నడు. నన్ను ఒక్క మాట తిట్టలేదు. ఆ రొట్టెలు నా ముందుకు కూడా జరిపిండు. నా చెయ్యి లేవలేదు.

మళ్లీ వాన పడ్డప్పుడు గొడుగు పట్టుకొని హాస్టల్ వెనక నిలబడ్డాను. అప్పుడు కనబడింది. మెస్ మోరీ అన్నం మెతుకులతో పూడుకుపోయి, గిన్నెలు కడిగిన నీళ్లు, బాత్రూం నీళ్లు కలిసి పొంగి నా గుంతలోకే తిరిగాయి. సబ్బు నురుగు ఇసుక మీద సుడి తిరుగుతూ లోపలికి పోతోంది. ఎండ రోజుల్లో ఆ మోరీ ఎదురు దిక్కు పారుతుంటే చూసి నమ్మేశాను. మన దగ్గర కిందంతా బండ. నీళ్లు దాని చీలికల్లోంచి నేరుగా పోతాయి, వడకట్టే మట్టి అక్కడ ఉండదు. పిల్లగాడు అయిదో రోజుకు కోలుకున్నాడు. గుంత అదే వారం పూడ్పించాను.

మీ నాయన చెప్పిండు, సోమవారమే జేసీబీ వస్తుందని. ఎందుకమ్మా అంత తొందర? ప్రారంభోత్సవం తారీఖు కోసమా? ముందు సెప్టిక్ ట్యాంకులు, మోరీలు ఎక్కడెక్కడున్నాయో కాగితం మీద గీయించు. వాటికి దూరంగా, ఎగువన మాత్రమే గుంత. అందులోకి డాబా నీళ్లు పైపు నుంచి రావాలి తప్ప నేల మీద పారే నీళ్లు రావొద్దు. మొదటి వానకు డాబా మీది దుమ్ము, పిట్టల రెట్టలు కొట్టుకొస్తాయి, ఆ నీళ్లు బయటికి పోయేలా వేరే వాల్వు పెట్టించు. బోరు నీళ్లు వానకు ముందొకసారి, తర్వాతొకసారి పరీక్షకు పంపించు. ప్రతి గుంత మీద బరువైన మూత ఉండాలి. ఆడుకునే పిల్లలు ఏ క్యాంపస్‌లోనైనా తిరుగుతారు.

మీ దగ్గరి పిల్లలమర్రి చెట్టుకు 2018లో సెలైన్ బాటిళ్లు కట్టి చెదల మందు ఎక్కించారు, గుర్తుందా? పైకి పచ్చగానే కనబడినా కొమ్మ విరిగి పడ్డాకే లోపలి సంగతి తెలిసింది. నేను వచ్చినప్పుడు ఒకసారి అటు పోదాం.

మీ పెద్దమ్మ నీ కోసం సర్వపిండి కట్టిస్తానంటోంది. వేళకు తిను, ఎండలో తల మీద చున్నీ లేకుండా తిరగకు. శనివారం పొద్దుటి బస్సుకు వస్తున్నాను. జేసీబీ వాడికి ఫోన్ చేసి సోమవారం వద్దని చెప్పు. మెస్ వెనక మోరీ ఎటు పారుతుందో ఇద్దరం కలిసి నడిచి చూద్దాం.

మీ పెద్దనాయన
నల్లగొండ