ఎగ్రెస్ పోర్టులో డ్రాప్‌లు లేకున్నా వాయిస్ తెగడానికి కారణం

మీ రౌటర్‌లో వాయిస్ ప్యాకెట్లకు డీఎస్‌సీపీ 46 గుర్తు (ప్యాకెట్ హెడర్‌లో ప్రాధాన్యాన్ని తెలిపే సంఖ్య) వేసి, ఎగ్రెస్ పోర్టులో, అంటే ప్యాకెట్లు బయటికి వెళ్లే పోర్టులో, ప్రయారిటీ క్యూ పెట్టినా రద్దీ వేళ మాట తెగుతోందని, ఆ పోర్టు కౌంటర్లలో మాత్రం డ్రాప్‌లు (పారేసిన ప్యాకెట్లు) సున్నాగానే ఉన్నాయని మీరు రాశారు. ప్యాకెట్లు ఆ క్యూను చేరకముందే, అంటే స్విచ్ ఫ్యాబ్రిక్‌కు (రౌటర్ కార్డులను లోపల కలిపే మార్గానికి) ఇవతల, ప్యాకెట్లు లోపలికి వచ్చే ఇన్‌గ్రెస్ లైన్ కార్డులోనే పోతున్నాయని నా అభిప్రాయం.

ఇన్‌పుట్ వైపు ఒకే క్యూ ఉంటే, రద్దీగా ఉన్న పోర్టుకు వెళ్లవలసిన ప్యాకెట్ ముందు నిలిచినప్పుడు, ఖాళీ పోర్టుకు పోవలసినవి కూడా దాని వెనుకే ఆగిపోతాయి. ట్రాఫిక్ అన్ని పోర్టులకూ సమానంగా పంచినా, ఈ అడ్డంకి వల్ల పెద్ద ఫ్యాబ్రిక్ సామర్థ్యం సుమారు 58.6 శాతానికే పరిమితమవుతుందని 1987లోనే గణితపరంగా తేలింది. అందుకే పెద్ద రౌటర్లలో చాలావరకు ఒక్కో ఔట్‌పుట్ పోర్టుకూ, అందులో ఒక్కో ట్రాఫిక్ తరగతికీ ఇన్‌పుట్ వైపే విడివిడి క్యూలను (వర్చువల్ ఔట్‌పుట్ క్యూలు) నడుపుతాయి. క్రెడిట్ పద్ధతి ఉన్న రౌటర్లలో ఎగ్రెస్ షెడ్యూలర్ (ప్యాకెట్ల వంతు నిర్ణయించే భాగం) క్రెడిట్, అంటే అనుమతి, ఇస్తేనే ప్యాకెట్ ఫ్యాబ్రిక్ దాటుతుంది. లేకపోతే ఇన్‌గ్రెస్‌లోనే వేచి ఉండి, బఫర్ నిండాక అక్కడే డ్రాప్ అవుతుంది. ఎగ్రెస్ కౌంటర్ శుభ్రంగా కనిపించడంలో వింతేమీ లేదు.

కాబట్టి ముందుగా ఇన్‌గ్రెస్ కార్డులో ఆ పోర్టుకు చెందిన వర్చువల్ క్యూల డ్రాప్‌లను తరగతుల వారీగా చూడండి. వాయిస్ సాధారణ తరగతిలో పడుతున్నట్లయితే, ట్రాఫిక్ లోపలికి వచ్చే ఇంటర్‌ఫేస్‌లోనే వర్గీకరణ పాలసీ పెట్టి, దాన్ని ఫ్యాబ్రిక్ హై ప్రయారిటీకి మ్యాప్ చేయండి. ఆ తరగతికి పోలీసర్‌తో (ట్రాఫిక్ వేగం మితి దాటకుండా చూసే అమరికతో) పరిమితి కూడా విధించండి. వీడియోను, బ్యాకప్‌ను అందులోకి రానిస్తే వాయిస్ మళ్లీ వాటితోనే పోటీ పడవలసి వస్తుంది.