గోడ మీద చార్టు మళ్ళీ వద్దు బిడ్డా

బిడ్డా,

ఈసారి ఈస్టర్ ముందు వచ్చే తపస్సు కాలంలో మన ఊరి గుడిలో శుక్రవారం సిలువ మార్గం, అదే ప్రభువు సిలువ మోసిన పద్నాలుగు స్థలాల ప్రార్థన, నడిపించే పని నీకు అప్పగించారని మీ బాపు ఫోన్ చేసి చెప్పాడు. చెప్తున్నంతసేపూ వాడి గొంతులో సంబరం దాగలేదు. నాకూ అంతే. మన ఇంటి ఆడపిల్ల పుస్తకం పట్టుకొని ఊరి ముందు నిలబడి ప్రార్థన చెప్పిస్తుంటే మా అవ్వ చూసి ఉంటే ఎంత మురిసిపోయేదో.

మర్నాడు నీ తమ్ముడు వచ్చి నువ్వు పెట్టిన వాట్సాప్ గ్రూపు చూపించాడు. నలభై రోజుల చాలెంజ్ అట. ఎవరు ఏం మానేస్తున్నారో పేరుతో సహా రాయాలట, రోజూ రాత్రి టిక్కు పెట్టాలట, తప్పినవాళ్ళ పేరు పక్కన ఎర్ర గుర్తట. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఫోన్లో చెప్తే నువ్వు మధ్యలో ఏదో ఒకటి అడుగుతావు, నేను అసలు సంగతి మరిచిపోతాను. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ముందు చిన్న చిన్న సంగతులు. తపస్సు కాలం మొదలయ్యే విభూతి బుధవారం ఈ 2026లో ఫిబ్రవరి 18న. పోయినేడు ఈస్టర్ ముందు ఆదివారం పట్టుకున్న మ్రానికొమ్మలు ఇంటింటికీ తిరిగి పోగుచేసి, ఆ బుధవారం ముందు ఆదివారమే స్వామికి, అదే ఫాదర్‌గారికి, అందేట్టు చూడు. వాటిని కాల్చిన బూడిదే విభూతి. దాన్ని ఆశీర్వదించాల్సింది స్వామే. స్వామికి ఎన్నో ఊళ్ళు ఉంటాయి కాబట్టి మన ఊరికి ఏ వేళకు వస్తారో ముందే అడిగి పెట్టుకో. సిలువ మార్గానికి మాత్రం స్వామి కోసం ఆగనక్కర లేదు, మనమే చెప్పుకోవచ్చు. 1952లో హైదరాబాదు నుంచి వేరుపడి వరంగల్ మేత్రాసనం, అదే ఒక బిషప్పుగారి కింద ఉండే ప్రాంతం, ఏర్పడిన తొలిరోజుల్లో ఇటలీ నుంచి వచ్చిన పీమే అనే మిషనరీ సభ స్వాములు కొద్దిమందే. వాళ్ళు ఊరూరా తిరిగి పూజ చెప్పి వెళ్తే, మిగిలిన రోజుల ప్రార్థనంతా వాక్యం నేర్పే ఉపదేశులూ ఊరివాళ్ళే నడిపించారు. నువ్వు చేసేది కొత్తదేం కాదు, భయపడకు.

నీ లెక్కలో ఒక తప్పుంది, అది దిద్దుకో. నువ్వు వేసిన పట్టికలో నలభయ్యో రోజు మార్చి 29న పడింది. అది మ్రానికొమ్మల ఆదివారం. అంటే పవిత్ర వారమంతా నీ పట్టిక బయటే ఉండిపోయింది. బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా నలభై ఆరు రోజులు, అందులో ఆరు ఆదివారాలు తీసేస్తే నలభై. ఆదివారం ప్రభువు లేచిన రోజు, ఆ రోజు ఉపవాసం ఉండదు. ఏప్రిల్ 4 దాకా మనవాళ్ళను నడిపించాలి బిడ్డా. అసలు ప్రయాణం ఆఖరి వారంలోనే ఉంది.

ఇక ఆ ఎర్ర గుర్తు సంగతి.

మీ తాత గురించి నీకేం గుర్తుంది? ఆదివారం పొద్దున మీ నాయనమ్మను సైకిల్ మీద గుడి దాకా తెచ్చి దింపి, తాను బయట వేపచెట్టు కింద కూర్చునేవాడు. పూజ అయ్యేదాకా అక్కడే. నువ్వు లోపలి నుంచి పరుగెత్తుకొస్తే జేబులోంచి బఠాణీలు తీసి పెట్టేవాడు. తాతకు భక్తి లేదని నువ్వు చిన్నప్పుడు అన్నావు. ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

మీ బాపు ఇంకా బడికి పోని రోజులవి. మన ఊరి యువకుల సంఘానికి పెద్దగా ఒకతను ఉండేవాడు. మంచివాడే, మనసులో కల్మషం లేనివాడు, ఊరు బాగుపడాలనే పట్టుదల ఉన్నవాడు. తపస్సు కాలం వచ్చేముందు అతనికి ఒక ఆలోచన వచ్చింది. పెద్ద డ్రాయింగు షీటు తెచ్చి, ఊదా రంగు సిరాతో గళ్ళు గీసి, ఎడమపక్కన ఇంటి పెద్దల పేర్లు, వాళ్ళు మానేస్తామన్నది రాసి, మైదా జిగురుతో గుడి గోడకు అంటించాడు. కల్లు, చుట్ట, పేకాట, బూతులు. ఆదివారం పూజ కాగానే ఒక్కొక్కరినీ పేరుతో పిలిచి అడగడం, నిలబెట్టుకున్నానంటే టిక్కు, లేదంటే ఎర్ర కలంతో ఇంటూ. పిల్లలు గోడ దగ్గర మూగి వేళ్ళు పెట్టి లెక్కపెట్టేవాళ్ళు.

మీ తాత, అంటే నా తమ్ముడు, కల్లు మానేస్తానని రాయించాడు. వాడికి అది ఎంత కష్టమో నాకు తెలుసు, వాడి పక్కన పెరిగినవాణ్ణి. మొదటి వారం చేతులు వణికేవి. రెండో వారం రాత్రి నిద్ర పట్టక లేచి వాకిట్లో తిరిగేవాడు. అయినా నిలబడ్డాడు. మీ నాయనమ్మ ముఖంలో కళ వచ్చింది. మూడో వారం కోతల కూలి ముట్టిన సాయంత్రం తోటివాళ్ళు చెయ్యి పట్టి లాక్కెళ్ళారు, తాగాడు. ఆ ఆదివారం పేరు పిలిచినప్పుడు వాడు లేచి నిలబడి, "శుక్రవారం తాగిన" అని ఉన్నదున్నట్టు చెప్పాడు. వాడి కంటే ముందు లేచినవాళ్ళలో తాగినవాళ్ళు లేరా? ఉన్నారు. అబద్ధం చెప్పి టిక్కు పెట్టించుకొని కూర్చున్నారు. నిజం చెప్పినవాడికి ఎర్ర గుర్తు పడింది. వెనక నుంచి ఎవరో నవ్వారు. మీ బాపు తల్లి ఒళ్ళో కూర్చొని, "అవ్వా, బాపుకు ఎర్రది పెట్టిండ్రు" అని గట్టిగా అన్నాడు. వాడికేం తెలుసు, పసివాడు.

నా తమ్ముడు ఏమీ అనకుండా చెప్పులు వేసుకొని బయటికి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఏళ్ళ తరబడి ఆ గడప తొక్కలేదు. కల్లు ఎక్కువైంది. నేను పిలిచాను, స్వామి ఇంటికెళ్ళి పిలిచారు. కొన్ని ఆదివారాలు పూజ కాగానే స్వామి తానే వచ్చి వేపచెట్టు కింద వాడి పక్కన కూర్చునేవారు. ఆఖరున మంచం పట్టినప్పుడు స్వామిని పిలవమని వాడే అడిగాడు. అందరినీ బయటికి పంపి పాపసంకీర్తనం చేసుకున్నాడు, అంటే తన పాపాలు స్వామికి చెప్పుకున్నాడు, రోగులకు పూసే పవిత్ర నూనె పూయించుకున్నాడు. అందుకు దేవునికి వందనాలు. కానీ ఆ మధ్య పోయిన ఏళ్ళన్నీ ఎవరిస్తారు?

మనిషి తన పాపం చెప్పుకునేందుకు తల్లి సంఘం ఒక చోటు పెట్టింది. అక్కడ విన్నది స్వామి ప్రాణం పోయినా బయట పెట్టకూడదు. అంత జాగ్రత్తగా దాచాల్సిన దాన్ని ఆ చార్టు గోడకెక్కించింది. నీ గ్రూపు అదే పని చేస్తుంది, ఇంకా ఎక్కువ మంది చూసేలా. విభూతి బుధవారం నాడు ఏటా చదివే సువిశేషం మత్తయి ఆరో అధ్యాయం. దానం చేస్తే కుడిచేయి చేసింది ఎడమచేతికి తెలియనీయొద్దు, ప్రార్థన తలుపు వేసుకొని చెయ్యి, ఉపవాసముంటే ముఖం కడుక్కొని తలకు నూనె రాసుకో అంటాడు ప్రభువు. ఆ మాటలు పొద్దున మైకులో చదివి, రాత్రి గ్రూపులో టిక్కులు అడుగుతావా? గ్రూపు ఉంచుకో, వద్దనను. రోజుకొక వాక్యం పెట్టు, ప్రార్థన వేళ తెలియజెయ్యి. పేర్ల పట్టిక మాత్రం ఈ రోజే తీసెయ్యి.

ఉపవాసం గురించి కూడా నీ ఉత్సాహం చూస్తే భయమేస్తోంది. నలభై రోజులూ పగలంతా పచ్చి మంచినీళ్ళతో ఉండమని రాశావు. సంఘం నియమం ప్రకారం ఉపవాసం తప్పనిసరి అయ్యేది రెండు రోజులే, విభూతి బుధవారం, పవిత్ర శుక్రవారం. అదీ పద్దెనిమిది నిండినవాళ్ళ నుంచి యాభై తొమ్మిది నిండేదాకా. ఒక పూట కడుపునిండా, మిగతా రెండు పూటలు కొద్దికొద్దిగా. మాంసం మానడం పద్నాలుగు నిండినప్పటి నుంచి. షుగర్ ఉన్నవాళ్ళూ కడుపుతో ఉన్నవాళ్ళూ పాలిచ్చే తల్లులూ ఉపవాసం ఉండొద్దు. మన ఆడవాళ్ళు ఈ రోజుల్లో మిర్చి చేన్లలో ఉంటారు. నడినెత్తిన ఎండ, వంగి కాయ ఏరాలి, సాయంత్రానికి చేతులు భగ్గుమంటాయి. వాళ్ళను పస్తుండమని ఎవరూ అనొద్దు. నువ్వు కూడా వినాలి. నీకు రక్తం తక్కువని డాక్టరమ్మ చెప్పింది నేను మరిచిపోలేదు. పొద్దున ఏమీ తినకుండా స్కూటీ ఎక్కావని తెలిస్తే ఊరుకోను.

మొదటి శుక్రవారం, ఫిబ్రవరి 20న, పూజలో యెషయా యాభై ఎనిమిదో అధ్యాయం వస్తుంది. మీరు ఉపవాసముండి మీ కూలివాళ్ళను పీడిస్తున్నారని దేవుడు గద్దించే భాగం. సాయంత్రం సిలువ మార్గం ముందు దాన్ని మళ్ళీ చదివించు, నిదానంగా. మన గుడికొచ్చేవాళ్ళలో మిర్చి వేసినవాళ్ళున్నారు, వాళ్ళ చేన్లో ఏరేవాళ్ళూ ఉన్నారు. పంట ఏనుమాముల మార్కెట్లో అమ్ముడుపోయాక ఇస్తామని కూలి ఆపేవాళ్ళు కూడా ఉన్నారు. నువ్వు పైనుంచి ఏమీ అనొద్దు. వాక్యం చాలు.

ఇంటికొక స్థలం చొప్పున పద్నాలుగు ఇళ్ళ ముందు ఆగాలన్న నీ ఆలోచన నాకు చాలా నచ్చింది. గుడికి రావడం మానేసినవాళ్ళ వాకిళ్ళూ కలుపుకో. ఒక్కటి చూసుకో. ప్రభువు పడిపోయే స్థలాలు మూడు, ఏడు, తొమ్మిది. అవి తాగేవాళ్ళ ఇంటి ముందు పడకుండా ముందే సర్దు. ఊరి నోరు నీకు తెలుసు. ఒకటి మన ఇంటి ముందు పెట్టు, మీ బాపుతో నేను మాట్లాడతాను. తల్లి ఎదురయ్యే నాలుగో స్థలం, పోయినేడు కొడుకును పోగొట్టుకున్న ఆమె వాకిట్లో పెట్టే ముందు ఆమెను అడుగు. వద్దంటే వేరే ఇల్లు చూడు.

ప్రార్థన రాత్రి ఏడున్నరకు పెట్టు, అప్పటికి వండి పిల్లలకు పెట్టుకొని వస్తారు. రంజాన్ ఉపవాసాలు కూడా ఆ వారంలోనే మొదలవుతాయి, మసీదు గల్లీలో మైకు ఆపి నడవండి. ఇంటర్, టెన్త్ పిల్లల పరీక్షలు కూడా ఈ రోజుల్లోనే, మైకు సౌండు తగ్గించు. మోకరించలేని ముసలివాళ్ళ కోసం రెండు కుర్చీలు వెంట తెప్పించు. ఈసారి మార్చి 19న ఉగాది, యేసు సాకుడు తండ్రి జోజప్పగారి పండుగ ఒకే రోజు వచ్చాయి. ఆ రోజు పచ్చడి తినొచ్చా అని అడుగుతారు, హాయిగా తినమను.

ప్రార్థన అయ్యాక రాత్రిపూట ఒంటరిగా హన్మకొండకు బయల్దేరకు. పరకాల రోడ్డు మీద లారీలు ఎట్లా పోతాయో నీకు తెలియంది కాదు. ఇంట్లో పడుకొని తెల్లారి పో.

20వ తారీకున నేను సాయంత్రం బస్సుకు వస్తాను. ఐదో స్థలం, సీమోను సిలువ పట్టే స్థలం, నాకు ఉంచు. అక్షరాలు పెద్దగా ఉన్న పాత పుస్తకం గుడి అల్మారాలో కింది అరలో ఉంటుంది, తీసి దుమ్ము దులిపి పెట్టు.

పైలం బిడ్డా.

మీ పెద్దతాత