ఆఖరి ఘడియలో నారాయణ అనలేకపోతే మోక్షం రాదా? (సమాధానం)

అన్నా, మీ నాయన వెంటిలేటర్ మీదే పోయారని, "అంత్యకాలంలో నన్ను తలచినవాడు నన్నే చేరతాడు" అన్న గీత మాట విన్నప్పటి నుంచి మీ అమ్మ అన్నం సరిగా ముట్టడం లేదని రాశారు.

ఆ శ్లోకం ఎనిమిదో అధ్యాయంలో అయిదోది. అక్కడే ఆగొద్దు. బతికినన్నాళ్లూ మనిషి దేంట్లో మునిగి ఉంటే చివరికి అదే తలపుకొస్తుందని ఆరోది చెప్తుంది. "అందుకే ఎల్లవేళలా నన్ను తలుచుకో, యుద్ధమూ చెయ్యి" అని ఏడోది.

మరి స్పృహే లేకపోతే? దీనికి శ్రీవైష్ణవులు వరాహ చరమశ్లోకం, అంటే విష్ణువు వరాహావతారంలో అభయమిస్తూ చెప్పిన శ్లోకం, చూపిస్తారు. ఒళ్లూ మనసూ బాగున్నప్పుడు తనను తలచిన భక్తుడు పోయేముందు కట్టెలా, రాయిలా పడి ఉంటే, "అహం స్మరామి మద్భక్తం, నయామి పరమాం గతిం" అంటాడు స్వామి. వాడిని నేను తలుచుకుంటాను, పరమగతికి నేనే తీసుకుపోతాను అని భూదేవికి ఇచ్చిన మాట. తలచుకునే పని కూడా ఆయనే మీదేసుకున్నాడు! నాకైతే ఇంతకన్నా ధైర్యమిచ్చే మాట ఇంకోటి లేదు. రామానుజుల సంప్రదాయంలో శరణాగతికి అంత బలం ఇందుకే. జీవుడు ఆయన సొత్తు, కాపాడుకునే భారం ఆయనది.

మీ నాయన పొలానికి పోయేముందు రోజూ నామం పెట్టుకునేవారని, ఏటా దేవరకొండ నుంచి యాదగిరిగుట్టకు పోయేవారని మీరే రాశారు కదా. అమ్మకు ఈ శ్లోకం అర్థంతో సహా చదివి వినిపించండి. ముందు మాత్రం పక్కన కూర్చొని రెండు ముద్దలు తినిపించండి.