కొడుకు కొడుతుంటే తల్లికి కోర్టు రక్షణ దొరుకుతుందా?

ప్రశ్న: నాకు 68 ఏళ్లు. భర్త పోయారు. ఇల్లు నా పేరునే ఉంది. కొడుకు తాగొచ్చి కొడుతున్నాడు, పింఛను డబ్బు లాక్కుంటున్నాడు. స్టేషన్‌కు వెళ్తే సర్దిచెప్పి పంపేశారు. అతన్ని ఇంట్లోంచి పంపించే దారి ఉందా? కోడలూ ఇదే ఇంట్లో ఉంటుంది.

జవాబు: ఉందమ్మా. గృహహింస చట్టం కోడళ్లకే అని చాలామంది అనుకుంటారు. 2005లో వచ్చిన ఆ చట్టం కింద కొడుకు మీద తల్లి కూడా కేసు వేయొచ్చు. దెబ్బలే కాదు, డబ్బు లాక్కోవడమూ అందులో హింసే.

జిల్లా స్త్రీ శిశు సంక్షేమ శాఖలోని ప్రొటెక్షన్ ఆఫీసర్‌ను కలవండి. ఆయన గృహహింస నివేదిక రాసి మేజిస్ట్రేట్‌కు పంపుతారు. లాయరు ఫీజు గురించి భయపడొద్దు. ఆదాయంతో పని లేకుండా మహిళలకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. ఫోన్ 15100.

పిటిషన్‌లో ‘వేధిస్తున్నాడు’ అని ఒక్క మాట రాస్తే కేసు బలహీనపడుతుంది. ఏ తేదీన ఏం చేశాడు, ఎవరు చూశారు అన్నది రాయించండి. ఆస్పత్రి చీటీ, బ్యాంకు పాస్‌బుక్, ఇంటి పన్ను రసీదు జతచేయండి. సెక్షన్ 18 కింద కొట్టకుండా, మీ ఖాతా జోలికి రాకుండా రక్షణ ఉత్తర్వు, సెక్షన్ 19 కింద ఇల్లు ఖాళీ చేయించే ఉత్తర్వు, రెండూ అడగండి. చాలామంది మొదటిది అడిగి ఊరుకుంటారు, అతను అదే ఇంట్లో ఉండిపోతాడు. తుది తీర్పుకు చట్టం 60 రోజులు అంటుంది గానీ ఆలస్యం మామూలే. అందుకే అఫిడవిట్‌తో సెక్షన్ 23 కింద, తీర్పు వచ్చేదాకా పనిచేసే మధ్యంతర ఉత్తర్వు మొదటి రోజే కోరాలి.

ఉత్తర్వు కాపీ స్టేషన్‌కు చేరిందో లేదో మీరే కనుక్కోండి. రక్షణ ఉత్తర్వు మీరితే సెక్షన్ 31 కింద ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. బెయిలు హక్కుగా రాదు. అప్పుడు పోలీసులు సర్దిచెప్పి పంపడానికి వీల్లేదు, 112కు ఫోన్ చేయండి.

కోడలి సంగతి వేరు. సెక్షన్ 19 కింద స్త్రీని ఇంట్లోంచి పంపలేరు. ఆర్డీవో దగ్గరి సీనియర్ సిటిజన్ల ట్రిబ్యునల్ అవసరమైతే ఖాళీ చేయించగలదు, కానీ కోడలి నివాస హక్కునూ చూడాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. మగవాళ్లు గృహహింస చట్టం కింద పిటిషన్ వేయలేరు కాబట్టి బాధితుడు తండ్రి అయితే వెళ్లాల్సిందీ ఆ ట్రిబ్యునల్‌కే.

ఈలోగా మీ కొడుకు కాళ్లావేళ్లా పడి ఇల్లు రాసిమ్మన్నా సంతకం పెట్టకండి. ఎప్పటికైనా రాయాల్సి వస్తే, ‘నన్ను పోషించాలి’ అన్న షరతు గిఫ్ట్ డీడ్‌లోనే ఉండాలి. అది లేకపోతే సీనియర్ సిటిజన్ల కోసం 2007లో వచ్చిన చట్టం సెక్షన్ 23 కింద దాన్ని రద్దు చేయించడం చాలా కష్టం.