ఇంటిపట్టున: చలి వెళ్ళింది, ఉప్పుగాలి ఉంది

ప్రశ్న: శివరాత్రి మర్నాడే సగ్గుబియ్యం వడియాలు పెట్టాను. మేడ మీద ఎండ బాగానే పడుతుంది. మూడు రోజులు ఎండినా మధ్యలో మెత్తగానే ఉన్నాయి. డబ్బాలో పోశాక పది రోజులకే ముక్కవాసన, వేయిస్తే పంటికి గట్టిగా తగులుతున్నాయి. హైదరాబాదులో మా అక్క ఇదే కొలతతో పెడితే రెండు రోజుల్లో గలగలలాడుతున్నాయి. నా తప్పెక్కడుందండీ?
— పెదవాల్తేరు పాఠకురాలు

జవాబు: తేడా కొలతలో లేదు, గాలిలో ఉంది. వడియం ఎండాలంటే ఎండ ఒక్కటే చాలదు, చుట్టూ గాలి పొడిగా ఉండాలి. హైదరాబాదులో ఈ రోజుల్లో మధ్యాహ్నం గాలి పొడిగా ఉంటుంది. మన విశాఖలో పొద్దున్నే మంచు, ఎండెక్కాక సముద్రం మీంచి తేమగాలి. మీ అక్కగారు చీకటి పడేదాకా మేడ మీద వదిలేసినా ఏమీ కాదు. మీరు వదిలితే పగలంతా పోయిన తేమను సాయంత్రానికల్లా మళ్ళీ పీల్చుకుంటాయి. వడియంలో ఉన్న ఉప్పు కూడా ఆ పనికి సాయపడుతుంది.

కొలత అలాగే ఉంచి పద్ధతి మార్చండి. గ్లాసు సగ్గుబియ్యం రాత్రి నానబెట్టి, పొద్దున్న ఆరు గ్లాసుల నీళ్ళు మరిగించి అందులో వేయండి. గింజ మధ్యలో తెల్లచుక్క పూర్తిగా పోయేదాకా సన్నమంట మీద తిప్పుతూ ఉడికించాలి. చుక్క మిగిలిన గింజే వేయించినప్పుడు పలుకై పంటికి తగిలేది. నాలుగైదు పచ్చిమిరపకాయల ముద్ద, చెంచా జీలకర్ర, ముప్పావు చెంచా ఉప్పు వేయండి. జావ రుచి చూస్తే ఉప్పు కాస్త తక్కువైనట్టే అనిపించాలి, నీరు పోయాక అదే సరిపోతుంది. గరిటెడు గరిటెడు పొయ్యకుండా చెంచాతో వేసి పల్చగా తిప్పండి. సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్ళలో మందపాటి వడియం ఎండదు గాక ఎండదు.

ఇక వేళ. మంచు విడిచి గచ్చు తడి ఆరాక, ఎనిమిదింటికి పెట్టండి. ప్లాస్టిక్ షీట్ మీద పెడితే అడుగు వైపు తడి ఎటూ పోలేదు కాబట్టి రెండో రోజు పొద్దున్నే తిరగేయాలి. మడతమంచం మీద పాత పంచె పరిచి పెడితే కింద నుంచి కూడా గాలి ఆడుతుంది. బట్ట నుంచి ఊడి రాకపోతే వెనక వైపు నీళ్ళు చిలకరించండి. సాయంత్రం నాలుగున్నరకల్లా లోపలికి తెచ్చి, రాత్రి ఫ్యాను కింద పరవండి. ఇలా నాలుగు రోజులు. విరిస్తే టక్కుమనాలి, వంగిందంటే ఇంకో ఎండ కావాలి. వెచ్చగా ఉండగానే డబ్బాలో పోసి మూత పెట్టకండి, లోపల చెమరుస్తుంది. మీ ముక్కవాసనకు మొదలు అక్కడే అయ్యుంటుంది. పాత వాటిలో బూజు చుక్కలు కనిపిస్తే పారేయండి, మళ్ళీ ఎండబెట్టినా నూనెలో వేసినా అవి బాగుపడవు.

బూడిదగుమ్మడి వడియాలు ఇంకా మందం. బీచి పక్కవాళ్ళు వాటిని మార్చి నడుమ దాకా ఆపుకోవడమే మేలు.

ప్రశ్న: లేత పనసకాయలు వచ్చాయి కదా అని పూర్ణా మార్కెట్‌లో పొట్టు కొట్టించి తెచ్చాను. ఇంటికొచ్చేసరికి నల్లబడింది. కూరకు పెట్టిన ఆవ ఘాటు లేదు సరికదా, చేదు. పెళ్ళి విందుల్లో తిన్న రుచి రావాలంటే ఏం చేయాలి?
— కంచరపాలెం పాఠకుడు

జవాబు: నల్లబడడం చెడిపోవడం కాదు. కోసిన వంకాయలాగే పొట్టుకు గాలి తగిలి రంగు మారుతుంది. తేగానే పల్చటి మజ్జిగనీళ్ళలో వేసేయండి, ఆగిపోతుంది. కొట్టించేముందు మాత్రం కాయ చూసుకోండి. లోపల గింజ గట్టిపడితే పొట్టు పీచుపీచుగా వస్తుంది.

అర కిలో పొట్టుకు పావు చెంచా పసుపు, ఉప్పు వేసి పది పన్నెండు నిమిషాలు ఉడికించి, వార్చి, చల్లారాక గట్టిగా పిండండి. నీరు మిగిలితే కూర ముద్దవుతుంది. నాలుగు చెంచాల నూనెలో శనగపప్పు, మినప్పప్పు, జీడిపప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపు పెట్టి, చిన్న నిమ్మకాయంత చింతపండు గుజ్జు వేసి పచ్చివాసన పోయాక పొట్టు కలిపి తడి లాగేదాకా వేయించండి.

అసలు సంగతి ఆవలో ఉంది. ఆవగింజలో ఘాటు ముందుగా ఉండదు. గింజ నలిగి నీరు తగిలాక, అందులోని ఎంజైము పని చేస్తేనే పుడుతుంది. వేడి తగిలితే ఆ ఎంజైము చచ్చిపోతుంది. అంటే వేడినీళ్ళతో నూరితే ఘాటు రాదు, ఒట్టి చేదే మిగులుతుంది. రెండు చెంచాల ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, చిటికెడు ఉప్పు చన్నీళ్ళతో మెత్తగా నూరి పది నిమిషాలు పక్కన పెట్టండి. పొయ్యి మీద ఉన్న కూరలో కలిపితే ఉన్న ఘాటు కాస్తా ఆవిరైపోతుంది కాబట్టి, కూర దించి చేత్తో ముట్టుకోగలిగేంత చల్లబడ్డాకే కలపాలి. పైన చెంచా పచ్చినూనె వేసి మూత పెట్టి అరగంట ఊరనివ్వండి. దించీ దించగానే విస్తట్లో వడ్డించే కూర కాదిది.

ప్రశ్న: బాల్కనీలో పన్నెండు అంగుళాల కుండీలో రెండేళ్ళ మల్లె ఉంది. ఆకు దట్టంగా ఉంది, మొగ్గ మాత్రం లేదు. పేడ ఎరువు, అప్పుడప్పుడు యూరియా వేస్తున్నాం. ఇప్పుడు కత్తిరించవచ్చా?
— రుషికొండ దగ్గరి అపార్టుమెంటు పాఠకురాలు

జవాబు: మల్లె కొత్త చిగురు కొసనే మొగ్గ తొడుగుతుంది. పాత కొమ్మలు అలాగే వదిలి యూరియా పోస్తే ఆకు ముదురాకుపచ్చగా మిసమిసలాడుతుంది తప్ప పూయదు. యూరియా పూర్తిగా మానండి. కత్తిరింపు జనవరిలోనే అయిపోవాల్సింది. ఫిబ్రవరి దాటకుండా చేసినా ఫర్వాలేదు గానీ తొలిపూలకు ఏప్రిల్ దాకా ఆగాలి.

ముందు ఐదారు రోజులు నీళ్ళు ఆపండి. ఆకు వాడాలి, కొమ్మ ఎండకూడదు. తరవాత మొక్కను అడుగున్నర ఎత్తుకు కత్తిరించి, ఎండుపుల్లలు తీసేసి, మిగిలిన ఆకులు దూసేయండి. మోడులా కనిపిస్తుంది, కంగారు పడకండి. పైన రెండంగుళాల మట్టి గీరి తీసి, బాగా మాగిన పశువుల ఎరువు రెండు గుప్పెళ్ళు, దొరికితే ఎముకల పొడి 50 గ్రాములు కలిపి వేసి, అడుగు రంధ్రం నుంచి కారేదాకా నీళ్ళు పోయండి. రెండు మూడు వారాల్లో చిగురు వస్తుంది. రోజుకు ఐదారు గంటలు నేరుగా ఎండ పడాలి. ఉత్తరపు బాల్కనీలో ఎన్ని ఎరువులు వేసినా ఆకులే చూసుకోవాలి.

మీది బీచి వైపు కాబట్టి ఇంకో రెండు మాటలు. ఆకు అంచులు కాలినట్టు గోధుమరంగుకు మారితే అది గాలిలోని ఉప్పు, వారానికోసారి మంచినీళ్ళతో ఆకులు కడగండి. మట్టి మీద తెల్లటి పొర కడితే బోరునీళ్ళ ఉప్పు, నెలకోసారి కుళాయినీళ్ళు ఎక్కువగా పోసి అడుగు నుంచి పారనివ్వండి. మొగ్గకు చిన్న రంధ్రం పడి, రంగు మారి రాలుతుంటే అది తొలుచుపురుగు. పుచ్చిన మొగ్గలు ఏరేసి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీరు కలిపి వారానికోసారి సాయంత్రం పూట కొట్టండి.

ప్రశ్న: చలికాలమంతా ఆపి ఉంచిన హాల్లో ఫ్యాను ఐదులో పెట్టినా నీరసంగా తిరుగుతోంది. కొత్తది కొనాల్సిందేనా? — గాజువాక

జవాబు: మెయిన్ ఆపి రెక్కను చేత్తో తిప్పి చూడండి. సాఫీగా తిరిగి నెమ్మదిగా ఆగితే కెపాసిటర్ బలహీనపడింది. చాలా సీలింగు ఫ్యాన్లకు 2.5 మైక్రోఫారడ్‌ది ఉంటుంది, పాతదాని మీద రాసిన అంకె చూసి అదే వేయించండి. పట్టేసినట్టున్నా, గరగరమన్నా బేరింగు పోయింది. మన ఉప్పుగాలికి అది తుప్పు పట్టడం మామూలే. కరెంటు ఆపినా కెపాసిటర్‌లో చార్జి మిగిలి ఉండొచ్చు, అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌కే వదలండి. బీఎల్‌డీసీ ఫ్యానైతే (కరెంటు తక్కువ తీసుకునే కొత్త రకం) ఈ లెక్క వర్తించదు. రెక్కల దుమ్ముకు పాత దిండుగలీబు తొడిగి లాగితే బూడిద మంచం మీద రాలదు.

ప్రశ్న: ముచ్చటపడి రంగులేసిన, కుళాయి ఉన్న మట్టికుండ కొన్నాం. నీళ్ళు అసలు చల్లబడటం లేదు. — సీతమ్మధార

జవాబు: ఆ రంగే అడ్డం. కుండ పైకి చెమర్చి, ఆ చెమట ఆరితేనే లోపలి నీరు చల్లబడుతుంది. పెయింటు, వార్నిషు ఆ సందులు మూసేస్తాయి. దాన్ని పూలకుండీగా వాడుకుని, మామూలు ఎర్రకుండో నల్లకుండో తెచ్చుకోండి. మొదట ఒక పగలూ రాత్రీ నీళ్ళలో ముంచి, కొబ్బరిపీచుతో రుద్దండి, సబ్బు వద్దు, మట్టి పీల్చుకుంటుంది. మొదటి రెండుసార్లు పోసిన నీళ్ళు పారబోయండి. తడి ఇసుక పళ్ళెం మీద, ఎండ పడని, గాలి ఆడే కిటికీ దగ్గర ఉంచండి. వంటింటి మూల పెడితే పని చేయదు. అయినా తేమ ఎక్కువున్న రోజుల్లో ఇక్కడి కుండ అనంతపురం కుండంత చల్లబడదు, అది కుండ తప్పు కాదు. పైన తెల్లటి పొర కడితే నిమ్మచెక్కతో రుద్ది కడగండి.

ప్రశ్న: రగ్గులు దాచేటప్పుడు ప్లాస్టిక్ సంచుల్లో పెట్టవచ్చా? — పెందుర్తి

జవాబు: వద్దు. ఏమాత్రం తేమ ఉన్నా సంచిలోనే బూజు పడుతుంది. ఒక పూర్తి ఎండలో రెండు వైపులా తిప్పి, నీడలో చల్లారాక మడిచి, పాత నూలు దుప్పట్లో చుట్టండి. మధ్యలో ఎండిన వేపాకు చాలు. పసిపిల్లలున్న ఇంట్లో కలరా ఉండల జోలికి వెళ్ళకండి.

ప్రశ్న: ఉగాదికి వాడగా మిగిలిన వేపపువ్వును చారుకు ఏడాదంతా నిలవ చేసుకోవచ్చా? పోయినసారి పురుగు పట్టింది. — అక్కయ్యపాలెం

జవాబు: నిక్షేపంగా. చెట్టు కింద రాలింది ఏరకండి. ముందురోజు రాత్రి కొమ్మల కింద బట్ట పరిచి, తెల్లారాక తెచ్చి పుల్లలు తీసేయండి. వీలైనంత వరకు కడగొద్దు. దుమ్ముంటే ఒక్కసారి ముంచి తీసి వెంటనే పల్చగా పరవండి. నీడలో మూడు రోజులు, ఆఖర్న ఒక గంట ఎండలో. వేళ్ళ మధ్య నలిపితే పొడి అయిపోవాలి. నలగకుండా సాగితే తేమ ఉన్నట్టే, పురుగు అక్కడి నుంచే వస్తుంది. పొడి గాజుసీసాలో చిటికెడు ఉప్పు కలిపి పెట్టండి. చారుకు తీసినప్పుడు చెంచాడు పువ్వు నేతిలో గోధుమరంగు వచ్చేదాకా వేయించి, చారు దించాక చివర్లో వేయాలి. ముందే వేసి మరిగిస్తే చేదంతా చారులోకి దిగిపోతుంది.